గృహ విద్యుత్ పొదుపు – స్టార్ లేబుల్

ఇంధన పరిరక్షణ చట్టం–2001 ప్రకారం బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ (బీఈఈ) 2002 మార్చి 1న ఏర్పడింది. ఇది కేంద్ర విద్యుత్ శాఖ పరిధిలోని సంస్థ. గృహోపకరణాలకు 1 నుంచి 5 వరకు నక్షత్రాలిచ్చే స్టార్ లేబులింగ్ పథకాన్ని 2006 మేలో ప్రారంభించింది. ఒకే పరిమాణం గల పరికరాల్లో నక్షత్రాలు ఎక్కువున్నదానికి కరెంటు తక్కువ ఖర్చవుతుంది.

1000 వాట్ల పరికరం గంటసేపు పనిచేస్తే ఒక యూనిట్. 75 వాట్ల సాధారణ సీలింగ్ ఫ్యాన్ 10 గంటలు తిరిగితే 0.75 యూనిట్లు కాలుతాయి; 30 వాట్ల బీఎల్‌డీసీ (బ్రష్‌లెస్ డీసీ మోటార్) ఫ్యాన్‌కు 0.3 యూనిట్లు చాలు. ఎల్‌ఈడీ బల్బుల ఉజాలా పథకం 2015 జనవరి 5న మొదలైంది. స్టార్ లేబుల్ గల గది ఏసీలకు 2020 జనవరి 1 నుంచి డిఫాల్ట్ ఉష్ణోగ్రత 24 డిగ్రీల సెల్సియస్.

రిమోట్‌తో ఆపిన టీవీ స్టాండ్‌బైలో కొంత కరెంటు లాగుతూనే ఉంటుంది; గోడ స్విచ్ కట్టేస్తేనే ఆ వృథా ఆగుతుంది. ఇలాంటి పొదుపును గుర్తుచేసే జాతీయ ఇంధన పరిరక్షణ దినోత్సవం డిసెంబర్ 14.