ఎర్ర రాళ్ల దారిలో నేర్చుకున్నవి

నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇంజనీరింగ్ కాలేజీలో కలిసి చదువుకున్న మిత్రుల్లో కొందరు అమెరికాలోనే స్థిరపడ్డారు, కొందరం పిల్లల్ని చూడటానికి వెళ్లి అక్కడ కలిశాం. పెద్ద వ్యాన్ ఒకటి అద్దెకు తీసుకుని లాస్ వేగస్‌లో బయల్దేరాం. యూటా, అరిజోనా రాష్ట్రాల్లో జాయన్, బ్రైస్, పేజ్, మాన్యుమెంట్ వ్యాలీ చూసుకుంటూ గ్రాండ్ కాన్యన్ దాకా వెళ్లాం. ఇప్పుడు తెలిసినవాళ్లు ఎవరు అటు వెళ్తున్నా నాకు ఫోన్ చేసి రూటు అడుగుతున్నారు. రూటు ఫోనే చెబుతుంది. ఫోను చెప్పనివి ఇక్కడ రాస్తున్నాను.

1. చూడాలనుకున్నవాటిలో సగం కొట్టేయండి.

మ్యాపులో అన్నీ పక్కపక్కనే కనిపిస్తాయి. ఆ నేల మీద దూరం లెక్క వేరు. గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచున నిలబడితే ఉత్తరపు అంచు ఎదురుగా కనిపిస్తుంది. పక్షి ఎగిరి వెళ్తే 16 కిలోమీటర్లే. కారులో వెళ్లాలంటే లోయను చుట్టుకుని దాదాపు 345 కిలోమీటర్లు, ఐదు గంటల దాకా పడుతుంది. ఒక పూటలో రెండు అంచులూ చూసేద్దామని రాసుకొచ్చేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. వాళ్లు చూసేది రోడ్డునే.

మా వాళ్లలో ఒకడు ఆర్చెస్ పార్కు కూడా చూడాలని గట్టిగా పట్టుబట్టాడు. “ఒరేయ్, మళ్లీ వస్తామా చస్తామా!” అన్నాడు. ఆ మాటకు ఎవరి మనసైనా మెత్తబడుతుంది. అయినా మిగతావాళ్లం ఒప్పుకోలేదు. అలా మిగిలిన సాయంత్రం బ్రైస్‌లో గడిపాం. అక్కడ రాతి స్తంభాలు వేలకొద్దీ నిలబడి ఉంటాయి. పగలు మంచు కరిగి నీరు పగుళ్లలోకి దిగుతుంది, రాత్రి గడ్డకట్టి ఉబ్బి రాయిని చీలుస్తుంది. ఏడాదిలో సగానికి దగ్గరగా రాత్రులు అక్కడ జరిగే పని ఇదే. ఆ స్తంభాల మధ్యకు దిగి, ఎండ వాలేకొద్దీ నారింజ రంగు రాయి లోపల్నుంచి వెలుగుతున్నట్టు మారడం చూశాక, ఆర్చెస్ కావాలన్నవాడే అందరికన్నా ఆలస్యంగా పైకొచ్చాడు.

2. గ్రాండ్ కాన్యన్‌ను మిట్టమధ్యాహ్నం చూసి వెనక్కి రాకండి.

లాస్ వేగస్ నుంచి బస్సులో వచ్చి, మధ్యాహ్నం రెండు గంటలు నిలబడి, ఫొటోలు తీసుకుని వెళ్లిపోయేవాళ్లు చాలామంది. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు నీడలుండవు. నీడ లేకపోతే లోతు తెలియదు. 446 కిలోమీటర్ల పొడవు, మైలుకు మించిన లోతు ఉన్న లోయ కూడా గోడకు వేలాడదీసిన బొమ్మలా ఉంటుంది. పొద్దున్నే రండి, సాయంత్రం మళ్లీ అదే చోటికి రండి. పొరలు ఒక్కొక్కటే విడివడి ముందుకొస్తాయి.

ఆ పొరల సంగతి కొంచెం తెలుసుకుని వెళ్తే చూసేది పదింతలవుతుంది. మీరు నిలబడే పైపొర కైబాబ్ సున్నపురాయి, వయసు 27 కోట్ల ఏళ్లు. ఒకప్పుడు అది సముద్రపు అడుగు. అట్టడుగున నది ఒరుసుకుంటూ పారే నల్లరాయికి భూగర్భశాస్త్రవేత్తలు పెట్టిన పేరు విష్ణు షిస్ట్. దాని వయసు 170 కోట్ల ఏళ్ల పైమాటే. లోయలోని శిఖరాలకు విష్ణు టెంపుల్, శివ టెంపుల్ అన్న పేర్లు పెట్టినవాడు క్లారెన్స్ డటన్ అనే అమెరికన్ భూగర్భశాస్త్రవేత్త, 1880ల నాటివాడు. మన దేవుళ్ల పేర్లు చూసి మురిసిపోయి అక్కడే ఆగిపోకండి. ఆ నల్లరాతికీ దాని మీది ఇసుకరాతికీ మధ్య కొన్నిచోట్ల వంద కోట్ల ఏళ్లకు పైగా కాలం లోపించింది. అప్పటి పొరలు కోతకు గురై పోయాయి. ఆ గీతను వేలితో చూపించి మా వాళ్లకు చెప్పినప్పుడు కాసేపు ఎవరూ ఫోను బయటికి తీయలేదు.

ఇంకో సంగతి. మన హైదరాబాద్ గ్రానైట్ గుట్టల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. గ్రాండ్ కాన్యన్ అడుగు రాయి కన్నా అవి పాతవి. అక్కడ ఆ రాయిని చూడటానికి ప్రపంచమంతా విమానం ఎక్కి వస్తోంది. ఇక్కడ మనం వెంచర్ల కోసం గుట్టలకు మందు పెట్టి పేలుస్తున్నాం. అది చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. మా కడప మిత్రుడైతే, పెన్న కోసిన గండికోట లోయను ఇన్నాళ్లూ పిక్నిక్ స్పాట్‌గానే చూశాననీ, వెళ్లి మళ్లీ సరిగ్గా చూస్తాననీ అన్నాడు.

3. వాన మీ మీద పడకపోయినా వరద మీ మీదికి వస్తుంది.

ఇది ప్రాణాలకు సంబంధించిన మాట, తేలిగ్గా తీసుకోకండి. పేజ్ ఊరి దగ్గర ఆంటిలోప్ కాన్యన్ ఉంది. చేతులు చాచితే రెండు గోడలూ తగిలేంత ఇరుకు చోట్లున్న ఇసుకరాతి చీలిక. 1997 ఆగస్టు 12న ఎగువన కొన్ని మైళ్ల దూరంలో వాన కురిసింది. ఆ నీరు గోడలా వచ్చి కిందనున్న 11 మంది పర్యాటకుల్ని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాతే అక్కడ కదలని ఇనుప నిచ్చెనలు బిగించారు. గైడు లేకుండా ఎవర్నీ లోపలికి పంపరు.

కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. మన పొలాల్లో వాన పడితే మట్టి కొంత తాగుతుంది, చెరువు కొంత ఆపుతుంది. అక్కడ పరీవాహక ప్రాంతమంతా నున్నటి రాయి. పడ్డ చుక్క పడ్డట్టే వాగులోకి దిగుతుంది. లోపల నడుస్తూ తల పైకెత్తి చూడండి. మనిషి ఎత్తుకు ఎంతో పైన, రెండు గోడల మధ్య అడ్డంగా ఇరుక్కుపోయిన మొద్దులు కనిపిస్తాయి. వాటిని అక్కడ పెట్టింది వరదే. గైడు టూరు రద్దు చేస్తే వాదించకండి, డబ్బు పోయిందని ఏడవకండి. జాయన్‌లో నదిలోనే నడిచే నారోస్ దారికీ ఇదే సూత్రం. పొద్దున రేంజర్ ఆఫీసులో వరద హెచ్చరిక ఏమని రాసిపెట్టారో చూశాకే కాలు పెట్టండి.

4. గంట ఎంతయిందో ఫోన్ని అడగకండి.

ఎండాకాలంలో యూటా గడియారం ఒక గంట ముందుకు జరుగుతుంది, అరిజోనా గడియారం జరగదు. అరిజోనా లోపలే ఉన్నా నవాహో నేషన్ (నవాహో ఆదివాసుల స్వపరిపాలన ప్రాంతం) నేల మీద మాత్రం జరుగుతుంది. పేజ్ ఊరు ఈ మూడింటి అంచున ఉంది. ఫోను ఏ టవర్‌ను పట్టుకుంటే ఆ సమయం చూపిస్తుంది. ఆంటిలోప్ కాన్యన్ నవాహో నేల మీదే ఉన్నా టూర్లు నడిచేది పేజ్ సమయం ప్రకారం. మాన్యుమెంట్ వ్యాలీకి వెళ్తే యూటా సమయం. అందుకే చేతికి మామూలు వాచీ ఒకటి పెట్టుకుని, బుక్ చేసుకున్న ప్రతిదానికీ పక్కన ‘ఎవరి సమయం’ అని రాసుకోండి.

5. స్టీరింగ్ పట్టుకున్నవాడూ యాత్రికుడే.

బ్రైస్ నుంచి తూర్పుగా వెళ్లే 12వ నంబరు రోడ్డు మీద, ఎస్కలాంటే దాటాక, ఒకచోట రోడ్డు కొండ వెన్ను మీదుగా పోతుంది. ఇటూ అటూ లోయ, రెయిలింగ్ లేదు. వెనక సీట్లలో కూర్చున్నవాళ్లు ఆహా ఓహో అంటుంటే బండి నడిపేవాడు తెల్లగీత తప్ప మరేమీ చూడడు. ఇది అన్యాయం. అందుకే మేము పెట్టుకున్న నియమం: ‘అదిగో చూడు’ అని ఎవరన్నా అంటే, పక్కన ఆపే చోటు రాగానే బండి ఆగాలి, డ్రైవరు దిగాలి. పక్క సీట్లో ఉన్నవాడు నిద్రపోకూడదు. చీకటి పడ్డాక ప్రయాణం పెట్టుకోకండి. జింకలు రోడ్డు మీదికి దూకుతాయి, ఆ ప్రాంతంలో ఆవులూ కంచె లేకుండా తిరుగుతాయి. సగం ట్యాంకు అవగానే పెట్రోలు పోయించండి. తర్వాతి బంకు ఎంత దూరమో చాలాసార్లు తెలియదు.

6. మోకాళ్లను బట్టి జట్లు కట్టండి.

వయసు మీరిన మిత్రులు అందరూ అన్నీ కలిసే చూడాలనుకుంటారు. గట్టిగా నడిచేవాడు మొహమాటానికి ఆగిపోతాడు, నడవలేనివాడు మొహమాటానికి నడుస్తాడు. ఇద్దరికీ సుఖం లేదు. ఎక్కడ, ఎన్నింటికి కలుసుకోవాలో తేల్చుకుని విడిపోండి. లోపల సిగ్నల్ ఉండదు కాబట్టి ‘ఫోన్ చేస్తాలే’ అన్న మాట చెల్లదు. బ్రైస్ ఎత్తు 8,000 అడుగులు దాటుతుంది. బీపీ, గుండె మందులు వాడేవాళ్లు బయల్దేరే ముందే డాక్టర్ని అడగండి. గ్రాండ్ కాన్యన్‌లో కిందికి దిగడం తేలిక, దిగినదానికి రెట్టింపు సమయం ఎక్కడానికి పడుతుందని లెక్కేసుకోండి. అడుగున ఎండ కూడా అంచు మీదకన్నా చాలా ఎక్కువ.

మోకాళ్ల ఆపరేషన్ అయిన మా మిత్రుడొకడు దక్షిణపు అంచున బెంచీ మీదే ఉండిపోయాడు. మేము తిరిగొచ్చేసరికి మొహం వెలిగిపోతోంది. తన కిందగా, లోయలో, కాలిఫోర్నియా కాండర్ ఒకటి రెక్క ఆడించకుండా తేలుతూ పోయిందట. రెక్క మీద కట్టిన నంబరు కూడా చదివాడట. రెక్కలు చాస్తే దాదాపు మూడు మీటర్లుండే ఆ రాబందులు 1982 నాటికి లోకం మొత్తంలో 22 మిగిలాయి. అన్నిటినీ పట్టి, పెంచి, 1996లో అరిజోనాలో మళ్లీ వదలడం మొదలుపెట్టారు. వదిలిన ప్రతి పక్షికీ అందుకే నంబరు. నడిచి వెళ్లిన మాలో ఎవరికీ అది కనపడలేదు.

7. డ్యామ్ దగ్గర ఆగండి, ఆ నీళ్లు ఎవరికి అందలేదో కూడా చూడండి.

పేజ్‌కు వచ్చేవాళ్లు హార్స్‌షూ బెండ్ దగ్గర ఫొటో తీసుకుని పోతారు. (అక్కడ రెయిలింగ్ కొంత మేరకే. మిగతా అంచు వెయ్యి అడుగుల కొండచరియ. సెల్ఫీకి వెనక్కి అడుగు వేయకండి.) కింద నది పచ్చగా, తేటగా ఉంటుంది. ఎగువన 216 మీటర్ల గ్లెన్ కాన్యన్ డ్యామ్ ఒండ్రునంతా పట్టేసుకోవడమే దానికి కారణం. నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది 1955 డిసెంబరులో, గ్లెన్ కాన్యన్ పని మొదలైంది 1956లో. ఇక్కడ నాగార్జునకొండ లోయ మునిగింది, అక్కడ గ్లెన్ కాన్యన్ మునిగింది. డ్యాముల మీద బతికినవాణ్ణి, వాటిని తిట్టను. కానీ రిజర్వాయరు గోడల మీద నీరు దిగిపోయిన మేరా తెల్లటి పట్టీ కనిపిస్తుంది. దిగువన ఇసుక మేటలు కరిగిపోతున్నాయని 1996 నుంచి అప్పుడప్పుడూ కావాలనే పెద్ద ఎత్తున నీరు వదిలి చూస్తున్నారు. ఒండ్రును ఆపితే నది ఏమవుతుందో మన ఇంజనీరింగ్ విద్యార్థులు అక్కడ నిలబడి నేర్చుకోవచ్చు.

అక్కణ్ణుంచి మాన్యుమెంట్ వ్యాలీకి వెళ్లే దారంతా నవాహోల నేల. విస్తీర్ణం సుమారు 70,000 చదరపు కిలోమీటర్లు, తెలంగాణలో సగానికి మించి. జాతీయ పార్కుల పాసు అక్కడ చెల్లదు. అది వాళ్ల సొంత పార్కు, టికెట్ వేరు. ఇంత పెద్ద నది పక్కనే పారుతున్నా ఆ నేలలో చాలా ఇళ్లకు ఇప్పటికీ కుళాయి లేదు. పికప్ ట్రక్కుల వెనక ప్లాస్టిక్ ట్యాంకుల్లో నీళ్లు మోసుకుంటారు. అమెరికా ప్రభుత్వంతో 1868లో చేసుకున్న ఒప్పందం ప్రకారం తమకు నీళ్లు చూపించే బాధ్యత ఆ ప్రభుత్వానిదని వాళ్లు కోర్టుకెళ్తే, 2023లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో కాదంది. నీళ్ల కోసం పంచాయితీలు చూసి చూసి ముసలివాణ్ణయిన నాకు ఆ ట్యాంకులు చూస్తుంటే ఎర్రటి శిఖరాల మీద చూపు నిలవలేదు. రోడ్డు పక్క బల్లల మీద నగలు అమ్మే ఆడవాళ్లతో గీచిగీచి బేరమాడకండి. అడక్కుండా ఎవర్నీ ఫొటో తీయకండి.

8. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు బండిలో ఉండాలి.

అక్కడి గాలి ఎంత పొడంటే చెమట పట్టినట్టే తెలియదు. దాహం వేసేదాకా ఆగకండి. చిన్న రైస్ కుక్కర్, పెరుగు డబ్బా, కందిపొడి, ఆవకాయ వెంట ఉంటే రెస్టారెంట్ల వెంట తిరగక్కర్లేదు. ఆ మిగిలే గంటే సూర్యాస్తమయానికి పనికొస్తుంది.

9. ఖర్చులు ఒక్కరే రాయండి, ఏ రోజు లెక్క ఆ రోజే అందరికీ చూపించండి.

10. మే నెలలోనో, సెప్టెంబరు చివర్నుంచి అక్టోబరు మధ్యలోపో వెళ్లండి.

జులై నుంచి సెప్టెంబరు మధ్య దాకా అక్కడ వానాకాలం, పైన చెప్పిన వరదలు అప్పుడే. అక్టోబరులో బ్రైస్‌లో రాత్రి నీళ్లు గడ్డకడతాయి. స్వెట్టర్ కాదు, మంచి జాకెట్టే తీసుకెళ్లండి. ఉత్తరపు అంచు చలికాలమంతా మూసే ఉంటుంది. 2025 జులైలో వచ్చిన కార్చిచ్చులో అక్కడి పాత లాడ్జి కాలిపోయింది కూడా. కాబట్టి ఏది తెరిచి ఉందో పార్కు వాళ్ల వెబ్‌సైట్‌లో చూశాకే గదులు బుక్ చేయండి. దక్షిణపు అంచున లోపలే ఉండే గదులు నెలల ముందే అయిపోతాయి. దొరికితే వదలకండి, రెండు రాత్రులకు తీసుకోండి.