వాడి ‘ఆయ్’ ఎక్కడికి పోయింది?

జూన్ 12న బడులు తెరుస్తాం. ఆ నెలంతా టీసీలు, స్టడీ సర్టిఫికెట్లు పెట్టిన ప్లాస్టిక్ కవర్లు పట్టుకుని అమ్మానాన్నలు మా స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడతారు. జూలై చివరికొచ్చేసరికి వాళ్లలో కొందరు మళ్లీ వస్తారు. ఈసారి చేతిలో కవరు ఉండదు. “మేడమ్, మావాడు ఇదివరకటిలా లేడండి” అంటారు. ఆ మాట అనడానికి ఎన్ని రాత్రులు ఆలోచించి ఉంటారో వాళ్ల ముఖం చూస్తేనే తెలుస్తుంది.

కిందటేడు అలా వచ్చిన ఒక జంట నాకు బాగా గుర్తుండిపోయారు. భీమవరం వైపు వాళ్లు. ఆయన చెరువులు లీజుకి తీసుకుని రొయ్యలు వేసేవారు. వరసగా రెండు పంటలు రొయ్యలకు వచ్చే జబ్బు వైట్‌స్పాట్‌కి పోయాయి. అప్పు మీద పడింది. సంక్రాంతి వెళ్లాక ఇక ఆ పని చాలనుకుని హైదరాబాద్ వచ్చేశారు. మియాపూర్‌లో రెండు గదుల అద్దె ఇల్లు, ఆయనకి ఒక గోడౌన్‌లో ఉద్యోగం, ఆవిడకి బట్టల షాపులో బిల్లింగ్ కౌంటర్. పెద్దమ్మాయి తొమ్మిదిలో చేరింది. చిన్నవాడు నాలుగో తరగతి, మా బడిలోనే. ఒక్క ఏడాదిలో ఊరు, ఇల్లు, వృత్తి, బడి అన్నీ మారాయి. పెళ్లయిన ఇన్నేళ్లకు ఆవిడ మొదటిసారి జీతం అందుకుంది. అంత నష్టం తర్వాత లేచి నిలబడ్డ ఆ ఇద్దరినీ చూస్తే నాకు గౌరవం కలిగింది. ముందుగా మీకూ ఆ మాటే చెప్పాలి. దారి మార్చుకోవడం ఓటమి కాదు. పిల్లలకు అన్యాయం చేయడమూ కాదు.

అయితే పిల్లవాడికి ప్రతి సోమవారం పొద్దున్నే కడుపునొప్పి. డాక్టరు చూసి ఏమీ లేదన్నారు. ఇంకో సంగతి వాళ్ల నాయనమ్మ ఫోన్లో కనిపెట్టింది. “అన్నం తిన్నావా నాన్నా” అంటే “ఊఁ” అంటున్నాడట. “వాడు ఆయ్ అనడం మానేశాడేంటమ్మా” అని కోడల్ని అడిగిందట.

గోదావరి జిల్లాల్లో పెద్దవాళ్లు పిలిస్తే పిల్లలు పలికే పలుకు అది. అందులో గౌరవం ఉంటుంది, ముద్దూ ఉంటుంది. మొదటి రోజు నేను హాజరు తీసుకుంటుంటే వాడు లేచి నిలబడి “ఆయ్” అన్నాడు. తరగతంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను. ముద్దొచ్చి నవ్వాను కానీ, నా నవ్వూ వాళ్ల నవ్వూ వేరని తొమ్మిదేళ్ల వాడికి ఎలా తెలుస్తుంది? మర్నాడు “ప్రెజెంట్ మేడమ్” అన్నాడు. ఆ తర్వాత ఇంట్లోనూ ఆ మాట పోయింది. బడిలో ఒక మాట దాచుకున్న పిల్లవాడు ఇంటికొచ్చి దాన్ని బయటకు తీస్తాడని మనం అనుకుంటాం. తీయలేడు. రోజుకు రెండుసార్లు మనిషి మారడం పెద్దవాళ్లకే కష్టం.

ఆ రోజు వాళ్ల నాన్నగారు “ఇదంతా వీడి చదువు కోసమేగా మేడమ్, సిటీకి వచ్చేసింది” అన్నారు. పక్కనే నిలబడ్డ పిల్లవాడు బూట్ల వైపు చూస్తూ ఉండిపోయాడు. ఇక్కడే ఒక కఠినమైన మాట చెప్పక తప్పదు. మనం ఎంతో ప్రేమతో అనే ‘నీ కోసమే’ అన్న మాట పిల్లల మీద పెట్టే బరువుల్లోకెల్లా పెద్దది. నాన్న తెల్లవారుజామున గోడౌన్‌కి వెళ్లడం, అమ్మ రాత్రి తొమ్మిదింటికి కాళ్ల నొప్పులతో రావడం, నాయనమ్మ ఊళ్లో ఒంటరిగా మిగలడం, అన్నింటికీ కారణం తనే అని వాడికి చెప్పినట్టవుతుంది. ఇక వాడు “నాకు ఇక్కడ బాగాలేదు” అని ఏ నోటితో అనగలడు? ఆ నోరు మూతపడితే కడుపు మాట్లాడుతుంది. ఆ నొప్పి నటన కాదు, నిజంగానే నొప్పి.

పైగా అది పూర్తి నిజం కూడా కాదు. పిల్లలకు తెలుసు. అర్ధరాత్రి నాన్న టార్చిలైటుతో గట్టు మీద నిలబడి ఉండిపోవడం వాడు చూశాడు. రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగినప్పుడు మేత అలాగే మిగిలిపోతే నాన్న ముఖం ఎలా మారేదో చూశాడు. తమ కళ్లు చెప్పింది ఒకటి, అమ్మానాన్నలు చెప్పేది ఇంకొకటి అయితే, పిల్లలు తమ కళ్లనే అనుమానించుకుంటారు.

కాబట్టి నిజాన్ని వాళ్ల వయసుకు తగినంత చెబుదాం. “చెరువులో నష్టం వచ్చింది నాన్నా. అప్పు తీర్చాలి. నాకు ఇక్కడ పని దొరికింది. ఇది అమ్మా నేనూ తీసుకున్న నిర్ణయం. నీ వల్ల కాదు.” ఇంత చాలు. అప్పు ఎంతో, ఎవరికి ఇవ్వాలో వాడికి అక్కర్లేదు. అది విన్నాక పిల్లవాడు ఏడవచ్చు. ఏడవనివ్వండి. ఏడుస్తున్నాడంటే నోరు తెరుచుకున్నట్టే.

మార్పు ఎంత బరువో చెప్పే ఒక పాత లెక్క ఉంది. 1967లో థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే అనే ఇద్దరు అమెరికా వైద్యులు మనిషి బతుకులో వచ్చే 43 మార్పులకు ఒక్కోదానికి ఇంత భారం అని అంకెలు వేశారు. వృత్తి మారితే 36, భార్యాభర్తల్లో ఒకరు కొత్తగా పనికి వెళ్తే 26, ఇల్లు మారితే 20, బడి మారితే 20. పెద్దవాళ్ల కోసం వేసిన లెక్క అది. ఆ అంకెల్ని పట్టుకుని కూర్చోనక్కర్లేదు గానీ ఒక విషయం గమనించండి. అందులో పెళ్లికి కూడా 50 ఉంది. మంచి మార్పు అయినా మోయాల్సిన బరువే అన్నమాట. మనకైతే ఈ మార్పును మోయడానికి ఒక ఆశ తోడుంది. అప్పు తీరుతుంది, జీతం నెలనెలా వస్తుంది. పిల్లవాడి చేతిలో ఆ ఆశ లేదు. వాడికి తెలిసిందల్లా పోయిందే.

ఏం పోయిందో మనం ఊహించేది ఒకటి, వాడు పోగొట్టుకున్నది ఇంకొకటి. స్నేహితులు గుర్తొస్తున్నారేమో అని వాళ్లమ్మ అనుకుంది. నేను మెల్లగా అడిగితే వాడు చెప్పింది నిద్ర గురించి. వాళ్ల ఇల్లు చెరువులను ఆనుకుని ఉండేది. రాత్రంతా నీటికి గాలి అందించే ఏరియేటర్లు తిరుగుతుంటే నీళ్లు చిమ్మే చప్పుడు. పుట్టినప్పటి నుంచీ దాన్ని వింటూనే పడుకున్నాడు. ఇక్కడ ఆ చప్పుడు లేదు. వానాకాలంలో కూడా ఫ్యాన్ ఐదులో పెట్టమని గొడవ చేస్తున్నాడని, జలుబు చేస్తుందని తాను ఆపేస్తున్నానని అప్పుడు ఆవిడకి గుర్తొచ్చింది. కాసేపు ఏమీ మాట్లాడలేకపోయింది. ఆ రాత్రి నుంచి దుప్పటి కప్పి ఫ్యాన్ తిరగనిచ్చింది.

అన్నీ మారిన ఏడాదిలో కొన్నింటిని మారకుండా ఉంచడం మన చేతుల్లోనే ఉంది. పాత స్టీలు బాక్సు, ఆదివారం చేపల పులుసు, పడుకునే ముందు అమ్మ పక్కన పది నిమిషాలు. కొత్త ఇల్లు కదా అని అన్నీ కొత్తవి కొనకండి. పాత స్నేహితుడితో వీడియో కాల్ మాట్లాడితే ఇక్కడ కలవడేమో అని భయపడకండి. పాత ఊరి గురించి మాట్లాడుకోగలిగిన పిల్లలే కొత్త ఊరికి త్వరగా అలవాటు పడటం నేను చూశాను. క్లాస్ టీచర్‌కి ఇంటి సంగతి రెండు ముక్కలు చెప్పండి. నాకు ముందే తెలిసుంటే ఆ రోజు నేను నవ్వేదాన్ని కాదు.

పెద్దమ్మాయి విషయంలో మాత్రం ఇంకో రకం జాగ్రత్త కావాలి. తెలంగాణలో కన్వీనర్ కోటా మెడికల్ సీటుకు స్థానికత రావాలంటే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా వరసగా 4 ఏళ్లు ఇక్కడే చదవాలన్న నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. కొన్ని మినహాయింపులు ఉన్నాయి. మీ పిల్లలు ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఉంటే రాష్ట్రం మారేముందు ఈ లెక్క చూసుకోండి. అదీ వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని చూసుకోండి. పదమూడేళ్ల పిల్లకు వినే హక్కు ఉంది, అడిగే హక్కూ ఉంది. నిర్ణయం మీదే.

దసరా దాకా ఓపిక పట్టండి. త్రైమాసిక పరీక్షల్లో మార్కులు తగ్గితే ఈ ఏడాదికి వదిలేయండి. నిదానంగా కలిసే స్వభావం కొందరు పిల్లలది, అది జబ్బు కాదు. అయితే నిద్ర, తిండి, మాట మూడూ తగ్గిపోయి వారాలు గడుస్తున్నా, లేదా పిల్లలు చచ్చిపోతే బాగుండని ఒక్కసారి అన్నా, అదే సర్దుకుంటుందని ఊరుకోవద్దు. పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలీమానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

ఆ పిల్లవాడు ఇప్పుడు ఐదుకు వచ్చాడు. నేను హాజరు పిలిస్తే “ప్రెజెంట్ మేడమ్” అనే అంటున్నాడు. ఇంట్లో మాత్రం నాయనమ్మ ఫోన్ చేస్తే మళ్లీ “ఆయ్” అంటున్నాడని వాళ్లమ్మ చెప్పింది.

మీ ఇంట్లోనూ ఇలాంటి ఏడాది నడుస్తుంటే, దసరా సెలవులకు ఊరికి టికెట్లు ఇప్పుడే చేయించండి. రెండు రోజులకైనా సరే. ఆ ఇంట్లో ఇప్పుడు వేరేవాళ్లు ఉండొచ్చు, ఆ చెరువు వేరేవాళ్లు చేస్తుండొచ్చు. మీ పిల్లవాడితో పాటు గట్టు మీద కాసేపు కూర్చోండి. వాడు లేద్దామనేదాకా మీరు లేవకండి.