చేబ్రోలు సీమ సేద్యము – నీరు నేర్పిన పాఠములు



కాలువకు నీరెప్పుడు వదలుదురో మీలో ప్రతి ఒక్కరికిని తెలియును. ఆ కాలువ ఏనాడు, ఏ ఆపద మూలమున వచ్చినదో తెలిసినవారు కొలదిమందియే. ఊరి సేద్యపు చరిత్ర తెలిసినచో రాబోవు పంటను గూర్చి మంచి నిర్ణయము చేయుటకు వీలగును. గుంటూరుకును పొన్నూరుకును నడుమనున్న చేబ్రోలు ప్రాంతమును ఉదాహరణగా తీసికొని ఈ సంగతి విచారింతము.

కాలువకు ముందు

చేబ్రోలు ప్రాచీన గ్రామము. కోనేటి నడుమ చతుర్ముఖ బ్రహ్మ ఆలయమును కట్టించినవారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు గారు. ఆయన 1816లో గతించిన పిదప వారసుల వ్యాజ్యములతో సంస్థానము క్షీణించెను. అంతకు మునుపే, 1788లో, గుంటూరు సర్కారు ఈస్టిండియా కంపెనీ వశమై యుండెను. శిస్తు వసూలు తప్ప నీటి వసతిని గూర్చి పట్టించుకొన్నవారు లేరు. సేద్యమంతయు వానమీదను, చెరువులమీదను ఆధారపడి యుండెను.

1832–33లో, నందన సంవత్సరమున, వానలు లేక ఘోరమైన కరువు వచ్చెను. దీనినే మన పెద్దలు డొక్కల కరువనిరి. గుంటూరు జిల్లాలోని సుమారు 5 లక్షల జనములో లక్షన్నరకు తక్కువ గాకుండ మరణించిరని అంచనా. ప్రక్కనే కృష్ణానది సముద్రమునకు పోవుచుండగా ఇన్ని ప్రాణములు పోయినవి. కృష్ణకు ఆనకట్ట కావలెనన్న వాదమునకు బలము చేకూర్చినది ఈ కరువే.

నీరు వచ్చుట, నీరు పోవుట

బెజవాడ వద్ద ఆనకట్ట పని 1852లో ప్రారంభమై 1855లో ముగిసెను. కెప్టెన్ ఆర్ ఈ నిర్మాణమును నడిపించెను. పశ్చిమ డెల్టా కాలువలు సాగి మెట్ట చేలు మాగాణులైనవి. జొన్న తిన్న ఇండ్లలో వరియన్నము వచ్చెను.

అయితే నీరు తెచ్చుట ఎంత ముఖ్యమో, మిగిలిన నీటిని పోనిచ్చుటయు అంత ముఖ్యము. మురుగు కాలువలు పూడిపోయినచో దిగువ చేలు రోజుల తరబడి మునిగియుండును. వరి దుబ్బు కుళ్లును, నేల చౌడు దేరును. ఈ బాధ తీర్చుటకై 1968లో కృష్ణా, గోదావరి డెల్టా రైతులపై మురుగునీటి పన్ను విధించుచు శాసనము చేయబడెను. నీటి తీరువ చెల్లించిన రైతే నీరు పోవుటకును చెల్లింపవలసి వచ్చెను.

1952లో ఆనకట్టకు గండి పడెను. దానికి బదులుగా కట్టిన ప్రకాశం బరాజు 1957లో పూర్తియై సుమారు 12 లక్షల యెకరములకు నీరిచ్చుచున్నది. దీనిలో నిలువయుండు నీరు మాత్రము సుమారు 3 టి.ఎం.సి.లే. అందుచేత డెల్టా రైతు ఎగువ జలాశయములపై ఆధారపడవలసియే యున్నది. నాగార్జునసాగరు కాలువలకు 1967లో నీరు వదలిరి. 2013లో పులిచింతల జాతికి అంకితమాయెను. 2015 నుండి పట్టిసీమ ఎత్తిపోతలద్వారా గోదావరి నీరు కృష్ణకు వచ్చుచున్నది. ఇన్ని ఆధారములు కావలసి వచ్చెనన్ననే నీరు ఎంత విలువైనదో గ్రహింపవచ్చును.

రైతు సంఘటన, విద్య

నీటితోపాటు రైతుకు నోరును వచ్చెను. 1921–22లో పెదనందిపాడు ఫిర్కా రైతులు పన్నుల నిరాకరణోద్యమము నడిపిరి. నిడుబ్రోలు వాస్తవ్యులైన ఆచార్య ఎన్.జి.రంగా గారు 1930లలో స్వగ్రామమున రైతాంగ విద్యాలయమును నెలకొల్పిరి. 1945లో బాపట్లలో వ్యవసాయ కళాశాల ఏర్పడెను. 1977లో చేబ్రోలుకు సమీపమున వడ్లమూడిలో సంగం డెయిరీ వెలసెను. పాల డబ్బు చేతికందుటవలన పంట పోయిన యేడు గూడ ఇల్లు గడచుటకు దారి యేర్పడెను.

బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన బి.పి.టి. 5204, అనగా సాంబ మసూరి, సన్నబియ్యమున కెక్కువ ధర తెచ్చెను. కాని అది సుమారు 150 దినముల పంట. అగ్గితెగులును, ఎండాకు తెగులును తట్టుకొనలేదు. నీరు ఆలస్యమైనచో కోత వెనుకబడి, రెండవ పంట అదను తప్పును.

మాగాణిలో రెండవ పంట

వరి కోతకు 2, 3 దినముల ముందు యెకరమునకు 16 కిలోల మినుము విత్తనమును పదునులో చల్లుట మన డెల్టా రైతుల అలవాటు. దున్నకము లేదు, తడి లేదు. నేలలోని చెమ్మయే చాలును. వేళ్ల బుడిపెలు నేలకు నత్రజనిని చేర్చును. పిమ్మట తెల్లదోమ వ్యాపింపజేయు పల్లాకు తెగులును, బంగారుతీగ కలుపును రైతును విసిగించినవి. పలువురు మినుము మాని దుక్కి లేకయే మొక్కజొన్న నాటుచున్నారు. దిగుబడి హెచ్చుగా వచ్చునుగాని, ఆ పంటకు పలుమారులు తడులును, మిక్కుటముగా ఎరువును కావలెను.

ఇచ్చటనే చరిత్ర అక్కరకు వచ్చును. కాలువ కట్టెడివరకు వచ్చు చేలలో మొక్కజొన్న వేయవచ్చును. నీటికి భరోసా లేని శివారు చేలలో పల్లాకు తెగులును తట్టుకొను మినుము రకము వేయుటయే క్షేమము. ఏటేటా ఒకే పంట వేయరాదు. వేసవి జల్లులు పడగానే జీలుగ గాని, పిల్లిపెసర గాని చల్లి పూతదశలో కలియదున్నవలెను.

మీ గ్రామమున విచారింపుడు

1. మీ చేనికి నీరు వచ్చు బోదె ఏది? మురుగు పోవు కాలువ ఏది? దానిని కడపట పూడిక తీసినదెప్పుడు?
2. గడచిన పదేండ్లలో నారుమళ్లకు నీరు అందిన తేదీలేవి?
3. మీ ఊరి చెరువు విస్తీర్ణము రికార్డులలో ఎంత? నేడు ఎంత?

ఈ మూడింటికి జవాబులు పెద్దలనడిగి, రికార్డులు చూచి, ఒక పుస్తకమున వ్రాసియుంచుడు. శివారు రైతును, ఎగువ రైతును కలసి కూర్చుండి దానిని చదువవలెను. పంటను నిర్ణయించుటకు అంతకు మించిన ఆధారము మరియొకటి దొరకదు.