ఛాయాచిత్రములు దిద్దుటకు తగిన తెర

విద్యార్థులారా, క్రిందటి యేడు మన సంచికలోని తరగతి చిత్రములను మేమే కంప్యూటరుపై దిద్దితిమి. తెరపై నవి తేటగా నుండెను. అచ్చయి రాగా పిల్లల మొగములు గుర్తింపరానంత చీకటిబడియుండెను. ఒక తల్లి తన కుమారుని కానలేక మమ్మడుగగా వ్రేలితో చూపవలసివచ్చెను. దోషము ముద్రాలయమువారిది కాదు, మాదే. అందువలన మేము నేర్చిన పాఠము నిచట వ్రాయుచున్నాము.

మొదట తెర జాతిని చూడవలెను. టి.ఎన్. అను జాతి తెరలో తల కొంచెము కదలినను రంగు మారును. ఐ.పి.ఎస్. జాతిలో నట్లు మారుట మిక్కిలి తక్కువ. కావున దానినే కోరవలెను.

రెండవది రంగుల పరిధి. 1996లో హ్యూలెట్ పాకార్డు, మైక్రోసాఫ్టు సంస్థలు ప్రతిపాదించిన ఎస్.ఆర్.జి.బి. పరిధిని తెర యించుమించు పూర్తిగా చూపవలెను. 1998 నాటి అడోబి ఆర్.జి.బి. పరిధిలో ఆకుపచ్చ ఛాయ లధికము. మేలైన ముద్రణ చేయువారికి అది యుపయోగించును.

మూడవది సూక్ష్మత. 27 అంగుళముల తెరకు 2560×1440 చుక్కలున్నచో అంగుళమునకు సుమారు 109 చుక్కలు వచ్చును, ఇది చాలును.

నాల్గవది వెలుగు. ఇందే మేము తప్పితిమి. మా తెర పూర్తి వెలుగులో నుండుటచే చీకటి చిత్రము కూడ తేటగా దోచెను. ముద్రణకై దిద్దువారు తెర వెలుగును చదరపు మీటరునకు 80 మొదలు 120 కాండెలాల వరకు నుంచుట వాడుక. కన్ను ఏ వెలుగునకైనను అలవాటుపడును. కావున దానిని నమ్మక, తెరపై నానించి కొలుచు కలరీమీటరుతో సరిచూడవలెను.

ఇక గ్రాఫిక్స్ కార్డు. వెల యెక్కువైన కార్డు రంగులను నిజము చేయదు. సామాన్యమైన దిద్దుబాటునకు ప్రాసెసరులోనే యిమిడియున్న గ్రాఫిక్సు, 16 జి.బి. ర్యాము చాలును. కృత్రిమ మేధతో చిత్రములోని రేణువులను తొలగించు పనికి మాత్రము మంచి కార్డు మిక్కిలి తోడ్పడును. నిమిషముల పని సెకండ్లలో ముగియును.

కావున చేతనున్న సొమ్ము మొదట తెరకు, పిదప కొలత పరికరమునకు, మిగిలినచో కార్డునకు వెచ్చింపుడు. ఈ యేటి చిత్రములను అట్లే కొలిచి దిద్దితిమి. ముందుగా నొక ప్రతి నచ్చువేయించి చూచితిమి. ఈ సంచికలో ప్రతి తల్లియు తన బిడ్డను తానే గుర్తింపగలదని మా నమ్మకము.