నోటి పూతకు ఏ మందు రాయాలి, ఎలా రాయాలి?

ప్రశ్న: నా వయసు 32. మిరప కోతలకు వెళ్తుంటాను. నెలకోసారైనా నోరు పూస్తుంది. పెదవి లోపల, నాలుక అంచున తెల్లటి పుండ్లు లేస్తాయి. కారం తగిలితే ప్రాణం పోయినంత పనవుతుంది. మందుల షాపులో ఇచ్చిన జెల్లు రాస్తే కాసేపు హాయిగా ఉండి మళ్లీ మంట మొదలవుతుంది. ఏం చేయాలి?
– ఓ సోదరి, గరికపాడు

జవాబు: మీరు రాస్తున్నది బహుశా లిగ్నోకెయిన్ ఉన్న జెల్లు అయి ఉంటుందమ్మా. అది తిమ్మిరెక్కించి నొప్పిని మరిపిస్తుంది గానీ పుండును మాన్పదు. వాపు తగ్గి పుండు త్వరగా మానాలంటే ట్రయామ్సినలోన్ 0.1 శాతం పేస్టు ఉంది. ఇది స్టెరాయిడ్ కాబట్టి డాక్టరుకు నోరు చూపించే వాడాలి. ఒంటికి రాసే క్రీము దీనికి బదులు కాదు.

పుండు లేవబోతూ చురుక్కుమన్న రోజే మొదలుపెడితే గుణం బాగుంటుంది. మిరపకాయలు కోసిన చేతుల్ని సబ్బుతో రెండుసార్లు కడుక్కోండి. భోజనమయ్యాక నోరు పుక్కిలించి, పుండు మీది తడిని శుభ్రమైన గుడ్డతో అద్ది, పేస్టు కొద్దిగా అంటించండి. రుద్దితే పొడిపొడిగా రాలిపోతుంది. అరగంట వరకు ఏమీ తినకండి, తాగకండి. రోజుకు రెండు మూడుసార్లు చాలు, పడుకునే ముందు మాత్రం తప్పనిసరి. వారంలో తగ్గకపోతే మళ్లీ డాక్టరుకు చూపించండి. సున్నం, పచ్చి ఉప్పు పెట్టకండి, పుండు మరింత రేగుతుంది.

ఏ పైపూత మందైనా ఉన్న పుండునే మాన్పుతుంది, వచ్చే నెల పూయబోయేదాన్ని ఆపలేదు. అందుకే హిమోగ్లోబిన్, ఐరన్, బి12, ఫోలిక్ యాసిడ్ పరీక్షలు చేయించుకోండి. రక్తం తక్కువైన ఆడవాళ్లకు ఇలా తరచూ నోరు పూయడం మామూలే. లోపం తీరితే పూత కూడా తగ్గుతుంది.

ప్రశ్న: మా నాన్నకు ఖైనీ అలవాటు. బుగ్గ లోపల నెల నుంచి పుండుంది, నొప్పి లేదంటున్నారు. ఈ పేస్టే రాయవచ్చా?
– ఓ పాఠకుడు, నందిగామ

జవాబు: వద్దు బాబూ. మామూలు పూత నొప్పి పెడుతుంది, రెండు వారాల్లో మానుతుంది. మూడు వారాలు దాటినా మానని పుండును, నొప్పి లేకపోయినా సరే, క్యాన్సర్ కాదని తేలేదాకా వదలకూడదు. విజయవాడ ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రికి ఈ వారమే తీసుకెళ్లండి. అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ఖైనీ ఈ రోజే మాన్పించండి. నోటి క్యాన్సర్‌ను తొలిదశలో పట్టుకుంటే నయం చేయవచ్చు. నొప్పి లేదు కదా అని ఆయన వాయిదా వేసినా, మీరు వేయనివ్వకండి.