నెదర్లాండ్స్‌లో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం దొరుకుతుందా?

ప్రశ్న: కాకతీయ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. ఇంగ్లీషు, తర్వాత బీఈడీ చేశాను. హన్మకొండలో ప్రైవేటు బడిలో చెబుతున్నాను. నెదర్లాండ్స్, స్వీడన్ వంటి దేశాల్లో అవకాశాలుంటాయా? - ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఉంటాయి కానీ తక్కువమ్మా. అక్కడి పిల్లలు బడిలోనే ఇంగ్లీషు బాగా నేర్చుకుంటారు. అందుకే మన దగ్గరిలా వీధికో స్పోకెన్ ఇంగ్లీషు కోచింగ్ కనిపించదు. సర్కారు బళ్లలో చేరాలంటే మీ డిగ్రీకి ఆ దేశపు గుర్తింపుతో పాటు వాళ్ల భాష కూడా రావాలి. పైగా వీసాకు యాజమాన్యమే పూనుకోవాలి.

మీరు చూడాల్సింది ఇంటర్నేషనల్ స్కూళ్లను. అవి అడిగేది బీఈడీ, అనుభవం, ఐబీ లేదా కేంబ్రిడ్జి సిలబస్‌తో పరిచయం. కాబట్టి ముందు హైదరాబాద్‌లో అలాంటి బడిలో రెండు మూడేళ్లు పనిచేయండి. ఇది చుట్టుదారి కాదు, నా దృష్టిలో ఉన్నవాటిలో దగ్గరి దారి ఇదే. పెద్దలకు బోధించాలనుకుంటే సెల్టా (CELTA) అనే ఇంగ్లీషు బోధన సర్టిఫికెట్ కోర్సు చేయండి. 120 గంటల ఆ కోర్సులో ఆరు గంటలు నిజమైన విద్యార్థులకు పాఠం చెప్పాలి. వారాంతపు ఆన్‌లైన్ సర్టిఫికెట్లు దానికి సాటిరావు, వాటికి డబ్బు పోయకండి.

యూరప్ బయట కూడా చూస్తానంటే, దక్షిణ కొరియా సంగతీ తెలుసుకోండి. అక్కడ ఇంగ్లీషు టీచరు వీసా మామూలుగా ఏడు దేశాల వాళ్లకే ఇస్తారు. అయితే 2010లో అమల్లోకి వచ్చిన భారత్-కొరియా ఒప్పందం, బోధనార్హత ఉన్న మనవాళ్లకూ సహాయ ఉపాధ్యాయులుగా తలుపు తెరిచింది.

ఏజెంటు ఎవరైనా సరే, కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదై ఉన్నాడో లేదో చూడకుండా రూపాయి కూడా ఇవ్వకండి.