కీచు ఆగింది, కొలత వచ్చిందా?

హైదరాబాద్ బాలానగర్‌లో టూల్ డిజైన్ కేంద్ర సంస్థ సీఐటీడీ 1968లో మొదలైంది. అక్కడి నుంచి మూసాపేట దాకా ఉన్న చిన్న మెషిన్ షాపుల్లో మిల్లింగ్ చేసేవాళ్లకు చాటర్ గురించి చెప్పక్కర్లేదు. కట్టర్ కీచుమంటుంది, జాబ్ గోడ మీద చారలు పడతాయి. చెయ్యి వెంటనే ఫీడ్ తగ్గించబోతుంది. కాస్త ఆగండి.

ముందు ఎండ్‌మిల్ పొడవు చూడండి. కొల్లెట్ బయట 60 మి.మీ. ఉన్నదాన్ని 45కి తగ్గిస్తే, అదే బలానికి కట్టర్ వంగేది సగం కన్నా తక్కువ. డయల్ పెట్టి రనౌట్ కూడా సరిచేయండి.

ఇప్పుడు కోస్తూ, ఆ చప్పుడును ఫ్రీక్వెన్సీ చూపించే ఫోన్ యాప్‌లో పట్టండి. 6,000 ఆర్‌పీఎంలో నాలుగు పళ్ల కట్టర్ సెకనుకు 400 దెబ్బలు వేస్తుంది. 400, 800, 1,200 దగ్గర గీతలు లేస్తే అది కోత చప్పుడే. వాటితో కలవని చోట, ఉదాహరణకు 870 దగ్గర, లేస్తే మాత్రం చాటర్: ఒక పన్ను వదిలిన అలల మీద తర్వాతి పన్ను ఊగుతూ వణుకును పెంచుతోంది. 1950ల్లో టోబియాస్, ట్లుస్టీ వంటి పరిశోధకులు తేల్చిన సంగతి ఇది.

కీచు ఆపే వేగం కోసం 870ని 60తో గుణించి నాలుగుతో భాగిస్తే 13,050 ఆర్‌పీఎం. మెషిన్ అంత తిరగదంటే అందులో సగం, 6,525. వేగం కొంచెం పెంచితేనే కీచు ఆగుతుందన్నమాట. రఫింగ్‌కు ఈ వేగం బంగారం.

ఫినిషింగ్‌కూ అదే వేగం వాడటాన్ని మాత్రం నేను ఒప్పుకోను. అక్కడ పళ్ల దెబ్బలు కట్టర్ సహజ కంపనంతో లయ కలుపుతాయి. వణుకు పెరిగిపోదు, గోడ నున్నగా మెరుస్తుంది, కానీ కట్టర్ బలంగా ఊగుతూనే ఉంటుంది. పన్ను గోడను తాకే క్షణాన అది ఎటు ఒరిగి ఉంటే కొలత అటు పోతుంది. వేగం కాస్త మారితే తప్పు దిశ కూడా మారొచ్చు. మెరుపు చూసి పాస్ చేసిన జాబ్ మైక్రోమీటర్ దగ్గర ఫెయిలయ్యేది ఇందుకే.

కాబట్టి పనికిరాని అల్యూమినియం దిమ్మ ఒకటి బిగించండి. 6,525కి అటూ ఇటూ వందేసి ఆర్‌పీఎం తేడాతో, పక్కకోత 0.2 మి.మీ. పెట్టి మెట్లు మెట్లుగా కోసి, ఒక్కో మెట్టూ కొలవండి. కీచు లేని వేగాల్లో, పక్క మెట్టుకు కొలత పెద్దగా మారని చోటే మీది. అక్కడ పది మైక్రాన్ల తేడా ఉన్నా ఆఫ్‌సెట్‌తో దిద్దొచ్చు. గెంతే తేడాను ఏ ఆఫ్‌సెట్టూ పట్టలేదు.

ఎంచుకున్న ఆర్‌పీఎం పక్కనే కట్టర్ నంబరు, బయటికున్న పొడవు సెటప్ షీట్‌లో రాయండి. పొడవు మారితే ఆ వేగం చెల్లదు, దిమ్మను మళ్లీ కోయాల్సిందే.